స్పా రేసుకు బ్రాంజ్ డ్రైవర్లే ప్రాణం
బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంలో జరిగే 24 గంటల రేసులో 60కి పైగా జీటీ3 కార్లు ఒకేసారి 7.004 కిలోమీటర్ల ట్రాక్ మీదికి వస్తాయి. 1924లో మొదలైన ఈ రేసు పేరెత్తితే ఫెరారీ, పోర్షే, మెర్సిడెస్ ఫ్యాక్టరీ డ్రైవర్ల ప్రస్తావనే ఎక్కువగా వినిపిస్తుంది. అసలు పరీక్ష మాత్రం బ్రాంజ్ శ్రేణి వాళ్లది, అంటే ఔత్సాహిక డ్రైవర్లది. వ్యాపారమో మరో వృత్తో చూసుకుంటూ తీరిక వేళల్లో స్టీరింగ్ పట్టే వీళ్లకు నెమ్మది కారేమీ ఇవ్వరు. బరువు, ఇంజిన్ శక్తి సర్దే నిబంధన కార్లను సమం చేస్తుంది, మనుషులను కాదు. అర్ధరాత్రి, వానలో, ట్రాక్‌లోని ‘ఓ రూజ్’ మలుపు దగ్గర ఎత్తు ఎక్కుతున్నప్పుడు వెనకనుంచి దూసుకొచ్చే ప్రొఫెషనల్‌ను వీళ్లు ముందుకు పోనివ్వాలి, తమ వేగమూ చెడకూడదు. అక్కడ ఒక్కడు తడబడితే ఆధిక్యంలో ఉన్న జట్టు రేసు కూడా ముగిసిపోవచ్చు. స్పా గెలుపోటముల గురించి రాసేవాళ్లు ముందు ఈ డ్రైవర్ల గురించి రాయాలి.