సాంకేతిక వీథి: ఓటికుండల స్థానంలో ఒక గంగాళం

దీవులలో పనిచేయుచున్న సహోద్యోగి ఒకరు మాకొక ప్రశ్న పంపినారు. వారి తండ్రిగారు ఆంధ్రదేశంలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజులలో, పాఠశాలకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటరుపై తెలుగు అక్షరాలు గీయించే ప్రోగ్రాములు వ్రాసి ఫ్లాపీలలో దాచినారట. అండమాను తేమకు ఆ ఫ్లాపీలకు బూజు పడుతున్నది. నకలు తీయుటకై అటువంటి యంత్రమే ఒకటి సంపాదించి ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) తెచ్చుకొన్నారు. స్విచ్చి వేసినంతనే ఆగని కూత తప్ప మరేమీ లేదు. పాత మెమరీ చిప్‌లనే వెదకి వేయవలెనా, స్టాటిక్ మెమరీ అమర్చవచ్చునా అన్నది వారి సందేహం.

1984లో మొదలైన 'క్లాస్' పథకం క్రింద మన పాఠశాలలకు చేరినది ఈ యంత్రమే. బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థ రూపొందించిన దీనిని మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 'యూనికార్న్' పేరుతో మనదేశంలో తయారుచేసినది. ఆనాడు అదియు మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే. మెమరీ 32 కిలోబైట్లు. నేడు ఒక ఫోటోకు చాలదు. ఆనాడు ఒక తరగతికి చాలినది.

ఆ 32 కిలోబైట్లకు 16 చిప్‌లు. ఒక్కొక్కటి బైటులోని ఒక్క బిట్టునే దాచును గనుక, ఎనిమిదింటిలో ఒకటి చెడినను ఆ సగము మెమరీ అంతయు వ్యర్థమే. ఇవి డైనమిక్ రకం. ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు కలిస్తే ఒక బిట్టు. ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968లో పేటెంటు లభించిన పొదుపైన ఉపాయమిది. అయితే కెపాసిటరు ఓటికుండ వంటిది. నిండుగా పోసినను కారిపోవుచుండును. 2 మిల్లీసెకన్లలోగా 128 వరుసలను తిరిగి నింపవలెను. బీబీసీ మైక్రోలో తెరను నడిపే 6845 చిప్ మెమరీని చదువుచుండుటచేతనే ఈ నింపుడు జరిగిపోవును. ఈ పొందిక మాకెప్పుడును ముచ్చట గొలుపును.

స్టాటిక్ మెమరీలో బిట్టుకు సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు. తలుపుకు గడియ వేసినట్లు, కరెంటు ఉన్నంతవరకు వేసినది వేసినట్లే ఉండును. ఆనాడు ఖరీదెక్కువ. నేడు 62256 అనే ఒక్క చిప్ పదహారింటి పని చేయగలదు.

కాని తీసి పెట్టినంత సులువు కాదు. డైనమిక్ చిప్‌కు చిరునామా ఏడేసి బిట్ల రెండు వాయిదాలలో అందును. స్టాటిక్ చిప్‌కు మొత్తమంతయు ఒకేసారి కావలెను. కనుక మొదటి భాగాన్ని ఒక లాచ్ చిప్‌లో పట్టి ఉంచవలెను. ఏ సగమన్నది వేరొక సంకేతం తెలుపును. పాతవి 100 నానోసెకన్లవి గదా యని అంతే వేగముగల స్టాటిక్ చిప్ కొనరాదు. దాని గడియారం రెండవ వాయిదా అందిన తరువాతనే మొదలగును. 55 నానోసెకన్లది తీసుకొనుట మేలు.

అంతకుముందు ఒక మాట. ఆగని కూత మెమరీ లోపానికి మాత్రమే సాక్ష్యం కాదు. ప్రాసెసరు సౌండు చిప్‌ను అదుపులోనికి తేలేదని మాత్రమే దాని అర్థం. ఉప్పుగాలికి చిప్‌ల కాళ్ళు, సాకెట్లు చిలుము పట్టును. సాకెట్లలోనివన్నియు ఊడదీసి, తుడిచి, తిరిగి గ్రుచ్చి చూడవలెను. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. అప్పటికిని లొంగనిచో మెమరీ వైపు చూడవచ్చును. పాత చిప్‌ను కాపాడవలెనని బోర్డును బలిపెట్టవద్దు. కాళ్ళు కత్తిరించి ఒక్కొక్కటిగా తీసినచో బోర్డుపై రాగి గీతలు లేవవు.

మూలరూపం చెడునని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ప్రదర్శనశాలలో ఉంచదలచిన యంత్రమైనచో వారి మాట సబబే. ఇచ్చట బూజు మన చర్చకై ఆగదు.

వారు సాకెట్లన్నియు తుడిచినారు, కూత మానలేదు. పిదప స్టాటిక్ మెమరీయే అమర్చినారు. ఫ్లాపీలను ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువుడని వ్రాసినాము. లేనిచో బూజు డ్రైవు హెడ్డుకు అంటి తరువాతి ఫ్లాపీని గీరును. ఇంతవరకు తొమ్మిదింటిలో ఆరు చదువబడినవట. ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో తలకట్టుతో సహా 'క' ఇమిడినదనియు, వత్తులకు మాత్రం తండ్రిగారు క్రింద వేరొక గడి కేటాయించినారనియు వ్రాసినారు.