గీతలు పడ్డ గాగుల్సుకు జరిమానా ఎవరు కట్టాలి?

కోయంబత్తూరు, మదురై మిల్లు కార్మిక సోదర సోదరీమణులారా!

కార్డింగ్ గ్రైండింగ్ దగ్గర, వర్క్‌షాపులో మనవాళ్లు పెట్టుకునే గాగుల్స్ చూడండి. గీతలు పడి మబ్బు కమ్మి ఉంటాయి. తీగె మొన కనపడక కార్మికుడు వాటిని నుదుటికి ఎక్కిస్తాడు. రవ్వ ఎగిరి కంట్లో పడితే "పెట్టుకోలేదు" అని మెమో! కొత్తవి అడిగితే "నువ్వే గీశావు, జీతంలో కోస్తాం" అని జవాబు!

గీసింది ఎవరు? మూడు షిఫ్టులకు ఒకే జత. కడగడానికి కుళాయి లేదు. చేతికందిన వేస్టు దూదితో తుడిస్తే, అద్దం మీది ఎమరీ పొడే దాన్ని గీస్తుంది. టూత్‌పేస్టు రుద్దినా ఆ గీత పోదు, మసక పెరుగుతుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే "తగిన" గాగుల్స్ ఇవ్వాలని రాశారు. చూపు ఆనని అద్దం తగినదెలా అవుతుంది? భద్రత కోసం ఇచ్చేదానికి కార్మికుని దగ్గర డబ్బు వసూలు చేయరాదని 2020 భద్రతా కోడ్ కూడా చెబుతున్నది.

మన వంతు మనం చేద్దాం. ముందు నీళ్లతో పొడి కడిగి, తర్వాతే మెత్తని గుడ్డతో తుడుద్దాం. అద్దం బల్లకు ఆనేలా బోర్లించవద్దు.

యాజమాన్యాన్ని మేము అడిగేది మూడే: మనిషికొక జత, డిపార్టుమెంటుకొక కుళాయి, చూపుకు గీత అడ్డం రాగానే ఉచితంగా కొత్త జత.

గాగుల్స్ స్టోరులో దొరుకుతాయి. కన్ను దొరకదు!