పి.జి. డాక్టర్లకు పరిశోధన ఎందుకు?

మొన్న ఓ.పి.లో షుగరుకు మందులు వాడుతున్న ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు: "అయ్యగారూ, ఆ కుర్ర డాక్టరుగారు ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నా మీద ప్రయోగం గానీ చేస్తారా?"

ఈ భయం చాలామందిలో ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. మూడేళ్ల చదువు. ఆ మూడేళ్లలో ఒక థీసిస్ రాసి, చివరి పరీక్షకు కనీసం ఆరు నెలల ముందే అప్పగించాలి. పరిశోధన ఎలా చేయాలో నేర్పడానికి చెన్నైలోని ఐ.సి.ఎం.ఆర్. జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 2019 నుండి ఆన్‌లైన్ కోర్సు కూడా నడుపుతోంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. జరిగేది వేరు. నా సంగతే చెబుతాను. టాపిక్ మా సారు ఇచ్చారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నైట్ డ్యూటీలు చేసి వచ్చి, పాత కేస్ షీట్లలో అంకెలు ఏరుకుని, గడువు మీద పడ్డాక నెల రోజుల్లో రాసి బైండు చేయించాను. ఆ పుస్తకాన్ని తరువాత ఎవరైనా తెరిచారో లేదో గానీ, నేను మాత్రం తెరవలేదు.

అందుకే అసలు థీసిస్సే తీసేయాలని కొందరు డాక్టర్లు అంటారు. రోగిని చూడడంలో చెయ్యి తిరిగితే చాలదా అని వారి వాదన. నేను ఒప్పుకోను.

స్క్రబ్ టైఫస్ జ్వరం సంగతి చూడండి. పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగు కుడితే వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తుంది. కొందరిలో అదీ కనిపించదు. దీనికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అని రెండు పాత మందులున్నాయి. జబ్బు ముదిరినవారికి ఒక్కటి చాలా, రెండూ కలిపి ఇవ్వాలా? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేక ఎవరి అనుభవం కొద్దీ వారు ఇచ్చేవారు. చివరికి వెల్లూరు సి.ఎం.సి. (అదీ మిషన్ ఆసుపత్రే) ముందు నిలిచి, దేశంలో ఏడు ఆసుపత్రులలో దాదాపు 800 మంది రోగులతో పరీక్షించి చూసింది. ఫలితం 2023లో వెలువడింది. ఒక్క మందే ఎక్కించినవారిలో నూటికి 47, 48 మందికి జ్వరం తగ్గకపోవడమో, చిక్కులు మిగిలిపోవడమో, ప్రాణం పోవడమో జరిగింది. రెండూ కలిపి ఎక్కించినవారిలో అది 33కు తగ్గింది. మరణాలు మాత్రమే లెక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు. అది నాకు నచ్చింది.

కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందుల గురించే సరిగా ప్రశ్న వేసి, సరిగా లెక్క పెట్టారు. ఆ రోగులు ఒప్పుకోకపోతే ఇది తెలిసేది కాదు.

మన పి.జి.లకు ఇలా ప్రశ్న వేయడం నేర్పాలి. వారానికి ఒక పూట వార్డు డ్యూటీ లేకుండా వదలాలి. స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషిని దగ్గర పెట్టాలి. టాపిక్ వారు రోజూ చూసే రోగుల నుండే రావాలి. ఆ పూట రోగులను ఎవరు చూస్తారని మేనేజ్‌మెంటు అడుగుతుంది, న్యాయమే. మాలాంటి సీనియర్లు చూడాలి. మాకు కాస్త నడుము నొప్పి వస్తుంది, అంతే.

ఇక సంతకం సంగతి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఏ థీసిస్సూ మొదలు కాకూడదు. ఆ కాగితం మీకు వచ్చిన భాషలో ఉండాలి. చదవడం రాకపోతే సాక్షి ఎదుట చదివి వినిపించాలి. మీరు వద్దంటే మీ వైద్యంలో ఏ లోటూ రాకూడదు. ఒప్పుకున్నాక కూడా మధ్యలో మానుకోవచ్చు. థీసిస్ కోసమే చేసే పరీక్షకు మీ చేత డబ్బు కట్టించకూడదు. ఎవరైనా తొందరపెడితే సూపరింటెండెంటు గారికి చెప్పండి, మొహమాటపడకండి.

ఆ పెద్దాయన తెచ్చిన కాగితం చూశాను. కాళ్లకు తిమ్మిర్లు ఉన్నాయా, ఇంట్లో చెప్పులు వేసుకుంటారా అనే ప్రశ్నలే. అదనంగా రక్తం తీసేది కూడా లేదు. చదివి వినిపించాను. అంతా విని, ఇంట్లో పెద్దబ్బాయిని అడిగి గురువారం చెబుతానన్నారు. అలాగే చెప్పమన్నాను.