సారెబుట్టలో లేని చెట్టు

కోనసీమలో కూతురిని కాపురమునకు పంపునప్పుడు సారె పెట్టని తల్లి యరుదు. ఆత్రేయపురపు పూతరేకులు, సున్నుండలు, అరిసెలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, పసుపుకుంకుమలు బుట్టల కెత్తించి పంపుదురు. అత్తవారు వానిని ఇంటింటికిని పంచుదురు. ఇది పుట్టింటి ప్రేమకు గుర్తని మనవారి వాదము. ఆ గుర్తు దేనిని చూపుచున్నదో, దేనిని దాచుచున్నదో యొకింత విచారింతము.

చూపుచున్నది లెక్క. బుట్ట అరుగుపై దిగినంతనే "ఎన్ని రకములు?" అను ప్రశ్న పుట్టును. పొరుగింటి కోడలికి పదునొకండు వచ్చినచో మన కోడలికి ఇరువదియొకటి రావలెను. రాకున్న నా పిల్ల తల వంచుకొని తిరుగవలెను. అందులకై తండ్రి అప్పుచేయును. నేడు బుట్టలు చాలక బండ్లు కదలుచున్నవి. మిఠాయి మనిషి గౌరవమునకు కొలతగా మారినది!

ఇక దాచుచున్న దేమి? బుట్టలో కాయ యున్నది. ఆ కాయ కాచిన చెట్టేది? కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకని మనము చెప్పుకొందుము. ఆ పెద్దకొడుకునకు చెల్లెలు లేదా? ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి, దేశమంతటను 2005 నుండి కలదు. అయినను ఎందరు తోబుట్టువులు రిజిస్ట్రారు కచేరీలో హక్కు విడుదల పత్రముపై చేవ్రాలు చేసి, చీరయు రవికెగుడ్డయు పుచ్చుకొని మరలిపోవుటలేదు?

"కట్న మిచ్చితిమి గదా, ఇంక వాటా యేల?" అందురు. కట్నము 1961 నుండియు నేరము. నేరముచేసి న్యాయమైన ఋణము తీరినదనుట యెట్టి లెక్క? అదియుగాక, కట్నము చేరినది అల్లునిచేతికి. హక్కు పోయినది కూతురిది. "వాటా యడిగినచో అన్నచెల్లెండ్ర ప్రేమ చెడు"నందురు. చెల్లెలు అడుగనంతవరకే నిలుచు ప్రేమ, ప్రేమ కాదు. అది అన్నకు చవుకగా దొరికిన తోట.

సారె మానుమని మేమనుట లేదు. ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వేడికుండమీద రేకు తీయు స్త్రీల శ్రమకు అది తగినదే. బుట్ట చిన్నదైనను పంపుడు. కాని దానితోపాటు తోటలో కూతురి వాటాకు దస్తావేజును పంపుడు. పూతరేకు నాలుకపై క్షణములో కరగును. కొబ్బరిచెట్టు ఆమె ముసలితనమువరకును కాయును.