మూత విప్పుట నేర్వవలెను

మంజీరానదిపై 1931 లో పూర్తియైన నిజాంసాగరము బాన్సువాడ ప్రాంతమును వరిపొలముల సీమగా మార్చినది. ఆ భాగ్యముతో పాటు, కోతలకాలమున హార్వెస్టర్లు రేపెడి పొట్టును, రోడ్ల వెంబడి ఆరబోసిన వడ్లనుండి లేచెడి నుసియు, రైసుమిల్లుల దుమ్మును ఇంటింట జొరబడుచున్నవి. ఇల్లూడ్చి తడిబట్టతో తుడుచుకొనుటలో మనకు బద్ధకము లేదు గాని, బల్లమీది లాప్‌టాపు లోనికి గాలితో గూడ ప్రవేశించిన దుమ్మును గూర్చి తలంచువారరుదు.

ఆ యంత్రములోని చిన్న ఫ్యాను బయటిగాలిని పీల్చి, సన్నని లోహపు రేకుల నడుమనుండి వెడలగొట్టి, ప్రాసెసరు వేడిని హరించుచుండును. ఆ రేకులకడ నుసి అట్టకట్టినచో గాలి యాడదు. ప్రాసెసరు తన్ను దాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. మనమో, లాప్‌టాపు ఆయువే తీరినదని తీర్పు చెప్పి, వేలరూపాయలు పోసి క్రొత్తది తెచ్చుకొందుము.

దీనికి విరుగుడు కష్టసాధ్యము కాదు. యంత్రము నార్పి, చార్జరు తీసి, విప్పిన మరలను వరుస తప్పకుండ కాగితముపై నుంచి, మూత తెఱచినంతనే ముందుగా బ్యాటరీ కనెక్టరు నూడదీయవలెను. ఫ్యాను రెక్కలు తిరుగకుండ వ్రేలితో నాపి, మెత్తని బ్రష్షుతోను, చేతి బ్లోయరుతోను నుసిని రాల్చవలెను. తేమ చేరును గాన నోటితో నూదరాదు. ఎండిన థర్మల్ పేస్టు తీసి క్రొత్తది పూయుట చేయి తిరిగిన పిదప నేర్వవచ్చును. ఉబ్బిన బ్యాటరీని నొక్కుట, గుచ్చుట అగ్నిప్రమాదమునకు హేతువు. దానిని మార్చుటయు, మదర్‌బోర్డు పనియు మెకానిక్కునకే విడువవలెను. వారంటీ తీరనిచో మూత తీయకముందే షరతులు చదువుకొనుట వివేకము.

అయితే గృహస్థుడు నేర్చిన మాత్రమున చాలదు. ర్యామును బోర్డునకే అతికించి, బ్యాటరీని జిగురుతో బిగించి, సర్వీసు మాన్యువలును దాచిపెట్టు తయారీదారు లున్నంతకాలము ఈ విద్య సగమే ఫలించును. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించి, పిమ్మట మరమ్మతు సమాచారమునకై పోర్టలును తెఱచుట ప్రశంసనీయమే; కాని సమాచార మిచ్చుట వేఱు, చట్టముతో కట్టుబఱచుట వేఱు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమములు ప్రధానముగా పాడైన వస్తువుల గతిని విచారించుచున్నవి. పాడుకాకుండ నిలుపుకొను హక్కునకును అంతటి బలము కావలెను.

చట్టము వచ్చుదాక మన చేతిలో నున్నది కొనుగోలు. కావున, పాఠకులారా, లాప్‌టాపు కొనునపుడే మూత సులువుగా వచ్చునా, బ్యాటరీయు ర్యామును మార్చవచ్చునా, సర్వీసు మాన్యువలు దొరకునా యని దుకాణదారు నడుగుడు. సరియైన సమాధానము లేని యంత్రమును కొనకుడు.