పైన గద్ద, పక్కన కోతి

పాత ఢిల్లీలో జామా మసీదు చుట్టుపక్కల మాంసం ముక్కలను గాలిలోకి విసిరేవాళ్లు కనిపిస్తారు. అది సదకా, దానం. ముక్క నేలను తాకేలోపే గద్ద వాలుగా దూసుకొచ్చి కాళ్లతో అందుకుని, ఎగురుతూనే తినేస్తుంది. అదే నగరంలో మంగళవారం వస్తే ఆంజనేయుడి పేరుమీద కోతులకు అరటిపండ్లు, శనగలు. పెట్టింది తిని కోతి ఎగిరిపోదు కదా, సంచీ కూడా లాక్కుంటుంది.

ఆ పేచీ కోర్టుదాకా వెళ్లింది. కోతులను పట్టి అసోలా భట్టి అభయారణ్యానికి తరలించమని 2007లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులోనే డిప్యూటీ మేయర్ ఎస్.ఎస్. బజ్వా డాబా మీద కోతులను తోలబోయి కిందపడి చనిపోయారు. 2023 జీ20 సదస్సుకైతే కోతులను బెదరగొట్టడానికి వీధుల్లో కొండముచ్చుల బొమ్మలు నిలబెట్టారు.

గద్ద మాత్రం తక్కువ తిన్నదా? ఢిల్లీ గద్దలపై ఏళ్లతరబడి సాగిన పరిశోధనలో తేలిందేమంటే, మాంసం వేసే పేటల దగ్గరే గూళ్లు ఎక్కువ. గూటి దగ్గరికొచ్చిన మనుషుల మీద తెగబడటమూ అక్కడే ఎక్కువ. మేపేకొద్దీ జంకు పోవడంలో రెండూ రెండే. కాకపోతే గద్ద నెత్తిమీద తిరుగుతుంది, కోతి వంటింట్లోకొస్తుంది. అచ్చం మనలాంటి చేతులతో ఫ్రిజ్ తెరుస్తుంది. మనకు కంటగింపు అక్కడేనేమో!

అలాగని గద్ద బతుకేం పూలపాన్పు కాదు. ఆగస్టు 15 దగ్గరపడితే గాలిపటాల మాంజా రెక్కలు కోసేస్తుంది. అలా గాయపడ్డ గద్దను జైనుల పక్షుల ఆసుపత్రికి తీసుకెళితే, మాంసాహారి అని చేర్చుకోలేదట. దానికి మాంసం వేసిందీ పుణ్యానికే, కాదన్నదీ పుణ్యానికే! దాంతో వజీరాబాద్‌లో సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే అన్నదమ్ములు నదీమ్, సవూద్ తమ బేస్‌మెంట్‌లోనే వైద్యం మొదలుపెట్టారు. వాళ్ల మీద శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’కు 2022లో కేన్స్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది.

కోతులకూ ఓ సినిమా ఉంది, ప్రతీక్ వత్స్ తీసిన ‘ఈబ్ అల్లే ఊ’. వన్యప్రాణి చట్టం అడ్డొచ్చి కొండముచ్చులను కాపలాకు తిప్పడం ఆగిపోయాక, వాటిలా అరిచి కోతులను తరిమే పనికి మనుషులను పెట్టారు. సర్కారు భవనాల మధ్య గొంతు పెగలక అవస్థపడే అలాంటి ఒక కాంట్రాక్టు కుర్రాడి కథ అది.