దారి యిమ్మనువారి ధర్మము

దారి యిమ్మని యడుగు హక్కు గలవానికి దారి తప్పక నడువవలసిన బాధ్యతయు గలదు. ఈ చిన్న సత్యము మన రాజబాటలపై నేడు మరుగుపడినది. దీపములు తళతళలాడించుచు, సైరను మ్రోగించుచు, లారీల నడుమ పామువలె మెలికలు తిరిగి పరుగెత్తు పోలీసుబండిని చూచి మన పిల్లలు చప్పట్లు కొట్టుచున్నారు. పెద్దలమైన మనము "ఏదియో గొప్ప పని కాబోలు" నని ప్రక్కకు తొలగుచున్నాము. ఆ గొప్ప పని యేదియో యడిగినవారు లేరు. అడుగవలసినవారము మనమే యని చెప్పుటకే యీ వ్యాసము.

గత వేసవిలో నేను హైదరాబాదునుండి విజయవాడకు బస్సులో ముందు వరుసను గూర్చుండి పోవుచుంటిని. సూర్యాపేట దాటిన పిమ్మట, రాత్రి పదిగంటల వేళ, సిమెంటు బస్తాలతో నిండిన లారీ యొకటి మా ముందు కుడివరుసలో నున్నది. అది తనకంటె మెల్లగా పోవుచున్న మరియొక లారీని దాటుచుండెను. వెనుకనుండి సైరను వినబడినది. సిమెంటు లారీవాడు మొదటి లారీని దాటగానే ఎడమవైపు దీపము వెలిగించి, ఎడమవరుసలోనికి జరుగసాగెను. చట్టము చెప్పినదదియే, బుద్ధి చెప్పునదియు నదియే. కాని పోలీసుబండికి ఆ రెండు నిమిషముల యోపిక లేకపోయెను. అది రెండు లారీల నడిమి సందున దూరి, ఎడమవైపునుండి ముందునకు దూసుకొనిపోయెను. లారీవాడు అదరిపడి చక్రమును కుడివైపునకు త్రిప్పెను. బరువు ఒరిగెను, త్రాళ్లు తెగెను, బస్తాలు నడిబాటను పడెను. ప్రాణములు పోలేదు, అది వాని నేర్పును మా యదృష్టమును. పోలీసుబండి మాత్రము వెనుదిరిగి చూడలేదు. మరి యిరువది కిలోమీటర్లు పోయిన పిమ్మట, బాటప్రక్క టీ హోటలు ముందర అదే బండి నిలిచియుండగా చూచితిమి.

ఇట్టి దృశ్యమును చూడని బాటసారి మన దేశమున నుండడు. కావున దీనిని ఒక యధికారి దుడుకుతనముగా త్రోసివేయుటకు వీలులేదు. ఇది యలవాటు. అలవాటును చక్కదిద్దవలెనన్న మొదట దాని లెక్క తెలియవలెను.

గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు లారీని, 55 కిలోమీటర్ల వేగముగల లారీ దాటవలెననుకొందము. రెండింటి పొడవును, ముందువెనుకల విడువవలసిన యెడమును కలిపినచో అరువది మీటర్ల వరకు వచ్చును. వేగములలోని భేదము గంటకు అయిదు కిలోమీటర్లే గదా! ఆ యరువది మీటర్లు గడచుటకు సుమారు 43 సెకనులు పట్టును. ఆలోపల లారీ కుడివరుసలోనే సుమారు 660 మీటర్లు పోయియుండును. ఇక 120 కిలోమీటర్ల వేగమున వచ్చు పోలీసుబండి, రెండువందల మీటర్ల దూరమునుండి ఆ లారీ వెనుకకు చేరుటకు పట్టునది పదునొకండు సెకనులు మాత్రమే. లారీవాడు మొండివాడు గాకపోయినను, మంచివాడే యైనను, ఆ పదునొకండు సెకనులలో వాడు చేయగలిగినది లేదు. ముందునకు పోజాలడు; ఎడమవైపున లారీ యున్నది; కుడివైపున నడిమి గోడ యున్నది. అప్పుడు మోత మ్రోగించినకొలది వాని గుండె కొట్టుకొనునేకాని బండి కదలదు.

మరి యా తొందరవలన గలిగిన లాభమెంత? ఇరువది కిలోమీటర్ల దూరమును నూరు వేగమున పోయిన పండ్రెండు నిమిషములు. నూటయిరువది వేగమున పోయిన పది నిమిషములు. మిగిలినది రెండు నిమిషములు. తాకిడియందలి బలము వేగమును బట్టి గాక వేగముయొక్క వర్గమును బట్టి పెరుగునని బడిపిల్లలును చదువుకొనుచున్నారు. 80 వేగమున తగులు దెబ్బకు, 120 వేగమున తగులు దెబ్బ రెండింతలకు మించును. కొన్ని నిమిషములకై రెండింతల మృత్యువును కొనుట యే వ్యాపారశాస్త్రమున నున్నది?

ఎడమవైపునుండి దాటుట వేరొక పాపము. మన దేశపు బండ్లలో చోదకుని యాసనము కుడివైపున నున్నది. ఎత్తైన లారీగదిలో గూర్చున్నవానికి ఎడమప్రక్కన, తన తలుపు క్రిందుగా వచ్చు చిన్నబండి అద్దములో కనబడని చోటొకటి గలదు. ముందుబండిని కుడివైపునుండి దాటవలెనని మన బాటలకు మొదటి నియమ మేర్పడుటకు గల కారణములలో నిదియొకటి. సైరను విన్న లారీవాడు విధేయుడై ఎడమవైపునకే తొలగును. సరిగా ఆ క్షణముననే పోలీసుబండి ఎడమవైపున దూరినయెడల, విధేయతయే హత్యాసాధనమగును. ఆజ్ఞ పాలించినవాడే అపరాధి యగును. ఇంతకంటె విపరీతమైన న్యాయము వేరొకటి గలదా?

"పోలీసువారికి వేగపరిమితి లేదుగదా" యని కొందరందురు. ఇది సగము తెలిసిన మాట. 2017వ సంవత్సరమున వెలువడిన మోటారు వాహన చోదన నిబంధనలు అగ్నిమాపక శకటములకును, అంబులెన్సులకును, పోలీసుబండ్లకును ప్రత్యేకమైన మన్నన నిచ్చినవి. కాని ఆ మన్నన బండికి గాని, దానిలో గూర్చున్నవారి హోదాకు గాని యిచ్చినది కాదు, ఆపదకు ఇచ్చినది. ప్రాణము నిలుపుటయో, అగ్ని నార్పుటయో, అట్టి మరియొక యత్యవసరమో యున్నప్పుడు మాత్రమే, అదియు తగిన జాగరూకతతోనే, పరిమితి దాటవచ్చును. సభకు పోవు పెద్దమనిషికి ముందునడచుట ఆపద కాదు. భోజనవేళకు ఇల్లు చేరుట ఆపద కాదు. 2017 మే 1వ తేదీనుండి పెద్దల కార్లపై ఎఱ్ఱదీపములు తొలగినవి. దీపము పోయినదికాని దర్పము పోలేదు. కారుమీదినుండి దిగి ముందుపోవు పోలీసుబండి నెక్కినది.

2019లో సవరింపబడిన చట్టమునుండి మరి రెండు సంగతులు చెప్పవలసియున్నది. 194-ఇ పరిచ్ఛేదము అగ్నిమాపక శకటమునకును, అంబులెన్సునకును, రాష్ట్ర ప్రభుత్వము పేర్కొనిన ఇతర అత్యవసర వాహనమునకును దారి యియ్యనివానికి ఆరు మాసములవరకు చెర గాని, పదివేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధించినది. దీనిని లారీవారి కందరును జ్ఞాపకము చేయుదురు. 210-బి పరిచ్ఛేదమును జ్ఞాపకము చేయువారు లేరు. చట్టము నమలుపరచు నధికారముగలవారే ఆ చట్టమును మీరినయెడల, ఇతరులకు పడు శిక్షకు రెట్టింపు శిక్ష వారికి పడవలెనని అది శాసించుచున్నది. ఎంత చక్కని ధర్మము! కంచెయే చేను మేసినయెడల కంచెకు రెండు దెబ్బలు. ఈ రెట్టింపు జుల్మానా చెల్లించిన యధికారిని మీరెవరైన చూచితిరా? నేను చూడలేదు.

"దొంగ పారిపోవుచుండగా మెల్లగా పోవలెనా?" యని ప్రశ్నింతురు. తగిన ప్రశ్నయే. కాని వైర్లెస్సుకంటె వేగముగా పోవు దొంగబండి నింకను ఎవరును కనిపెట్టలేదు. జాతీయ రహదారిపై టోలుగేటులున్నవి, ముందు స్టేషనులున్నవి, గస్తీబండ్లున్నవి. ఒకమాట ముందునకు పోయిన, పది చక్రములు వెనుక పరుగెత్తనక్కరలేదు. నిజముగా వెంబడింపవలసిన సమయము వచ్చినను, లారీల నడుమ సందులు దూరుట వెంబడించుట కాదు. దొంగను పట్టుటకై నిరపరాధిని పణముగా ఒడ్డుట రక్షణ యనిపించుకొనదు.

ఇక లారీవారి సంగతి. వారు నిర్దోషులని నేననను. నాలుగువరుసల బాటపై సరుకుబండికి 80 కిలోమీటర్ల పరిమితియు, కారునకు 100 కిలోమీటర్ల పరిమితియు 2018లో ఏర్పడినవి. మెల్లగా పోవువాడు ఎడమవరుసలో పోవలెననుట స్పష్టము. అయినను మైళ్లకొలది కుడివరుసను విడువని లారీలు కలవు. కాని యెందులకు విడువరు? ఎడమవరుసను చూడుడు. ఎదురుగా వచ్చు మోటారుసైకిళ్లు, దీపము లేని ట్రాక్టర్లు, ఆరబోసిన ధాన్యము, తోలుకొనిపోవు పశువులు, చెడిపోయి నిలిచిన బండ్లు, బస్సుకై బాటమీదికే వచ్చి నిలుచు జనము అన్నియు నచ్చటనే. అంతియకాక, చేయియెత్తి లారీ నాపు పోలీసువారును ఎడమ యంచుననే నిలిచియుందురు. ముప్పదిటన్నుల బరువుతో పోవువానికి ఎడమవరుస భయస్థానము, కుడివరుస శరణాలయము. మోటారు రవాణా కార్మికులకు దినమునకు ఎనిమిది గంటలే పనియని 1961 నాటి చట్టమే చెప్పియుండినను, నిద్రలేని కన్నులతో పదునాలుగు గంటలు నడపువారు కోకొల్లలు. తప్పు చేసినవానిని శిక్షింపుడు. కాని తప్పు చేయక తప్పని బాటను వానికిచ్చి శిక్షించుట న్యాయము కాదు.

ఇతర దేశములవారు దీనినెట్లు సాధించిరి? ఇంగ్లండున 1930ల దశకముననే హెండనులో పోలీసు చోదకులకు పాఠశాల నెలకొల్పిరి. వేగముగా నడుపుట చక్రమును పట్టుటలో లేదు, ముందు జరుగబోవుదానిని ఊహించుటలో నున్నదని అచ్చట నేర్పిరి. ఆ శిక్షణకై వ్రాసిన గ్రంథము 1955లో అచ్చుపడగా, సామాన్య గృహస్థులును కొని చదువుకొనిరి. అచ్చటి మూడువరుసల మోటారుబాటలపై పెద్దలారీలు కుడిచివరి వరుసలోనికి పోగూడదు. జర్మనీలో బాట స్తంభించిన మరుక్షణమే ఎడమచివరి వరుసవారు ఎడమకును, తక్కినవారు కుడికిని జరిగి, నడుమ దారి విడువవలెను. వెనుకనుండి వచ్చు అంబులెన్సునకు గాని పోలీసుబండికి గాని తాను పోవలసిన దారి యేదియో ముందే తెలియును, ముందున్నవారికిని తెలియును. ఒకరి తలపు మరియొకరికి తెలియుటయే బాటమర్యాద. మన బాటపై ఎవరెటు పోవుదురో బ్రహ్మదేవునికైన తెలియదు.

పరదేశముల మాట యెందులకందురా? మన మనుస్మృతి రెండవ అధ్యాయమున ఎవరెవరికి దారి విడువవలెనో చెప్పబడినది. సంఘసంస్కారమునకు అడ్డుపడిన ఆ గ్రంథముతో మనము పోరాడుచునే యున్నాము. అయినను, దారి విడువదగినవారిలో వృద్ధునితోను, రోగితోను, స్త్రీతోను పాటు బరువు మోయువానినిగూడ ఆ గ్రంథకర్త చేర్చెను. రాజుకంటెను ముందుగా వానిని పేర్కొనెను. మనము నిలుపుకొనవలసినదానిని విడిచి, విడువవలసినదానిని నిలుపుకొంటిమి. ఇంటికి బియ్యము తెచ్చు బరువుబండికి విలువ లేదు. ఏమియు తేని కూతబండికి దారి.

పోలీసుబండి నడపు డ్రైవరు కానిస్టేబులునుగూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. వెనుక గూర్చున్న యధికారి "ఇంకను త్వరగా" యనినచో కాదని యనుటకు వానికి నోరెక్కడిది? రాత్రివేళ నిలిచిన లారీని వెనుకనుండి తాకిన బండిలో మొదట నలిగిపోవునది వాని యెదురురొమ్మే. వాని యింటను దీపము వెలిగించుకొని ఎదురుచూచు భార్య యున్నది. ఈ దర్పమునకు మొదటి బలి పోలీసువాడే యని పోలీసుశాఖ గ్రహింపవలెను. 2022వ సంవత్సరమున ఈ దేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. అందులో అధికవేగమువలన పోయినవారే యధికులు. ఆ వేగమును అరికట్టవలసినవారే దానికి గురువులైనచో శిష్యుల కేమి కొదవ?

కావున నేను కోరునవి కొన్ని గలవు. సైరను మ్రోగించిన ప్రతి ప్రయాణమునకు కారణమును పుస్తకమున వ్రాయవలెను. లారీని ఎడమవైపునుండి దాటుట పోలీసుబండికి సంపూర్ణముగా నిషేధింపవలెను. ముందున్న లారీ తొలగువరకు వేచియుండుటయే నియమము కావలెను. బండి వేగమును నిర్ణయించుటలో డ్రైవరు మాటయే చెల్లవలెను. వెనుకనున్నవాడు ఎంతటివాడైనను సరే. 210-బి క్రింద ఎందరికి రెట్టింపు శిక్ష పడినదో యేటేట ప్రకటింపవలెను. లారీలు నిలుచుటకు బాటప్రక్క చోట్లు కల్పించి, ఎడమవరుసను లారీకి నిజముగా ఇయ్యవలెను. ఇచ్చిన పిమ్మట కుడివరుసను విడువనివానిని నిస్సంశయముగా శిక్షింపవలెను.

చదువరులారా! సంస్కారము ఎల్లప్పుడును ఇంటనే మొదలగును. సైరనుబండి వెనుక దారి దొరకినదని మన కారును దాని తోకకు తగిలించి పరుగెత్తించునది మనమే. పెండ్లికి పోలీసుబండి ముందునడచిన వియ్యంకునిగూర్చి ఏడాదిపాటు గొప్పగా చెప్పుకొనునది మనమే. "పెద్దవాడవై సైరనుబండిలో తిరుగవలె" నని పిల్లవానిని దీవించునది మనమే. ఆ దీవెన మార్చుకొందము. అంబులెన్సునకు దారి విడుచుటను, లారీవానికి ఓపికతో ఎడమిచ్చుటను, తన వరుసలో తాను పోవుటను గొప్పతనమని వానికి నేర్పుదము. నేటి పిల్లవాడే రేపటి కానిస్టేబులు, రేపటి యధికారి. దారి యడుగుటకంటె దారిలో నుండుట గొప్పదని వాడెరిగిననాడు, లారీవాడు సైరను విని అదరిపడడు. రోగి వచ్చుచున్నాడనియో, ఆపద తీర్చువాడు వచ్చుచున్నాడనియో నమ్మి నిశ్చింతగా ఎడమకు తొలగును. ఆ నమ్మకము లేని సైరను వట్టి కూత మాత్రమే.